బాప్తిస్మమును రక్షణయు: తెలుగు క్రైస్తవుల పలుకుబడియు ఆచారమును

సూరతు నగరమున తెలుగువారు పెక్కుమంది నివసించు పేటలలో లింబాయతు ఒకటి. తెలంగాణ ప్రాంతము నుండి మగ్గముల పనికై వలసవచ్చిన పద్మశాలి కుటుంబములు ఇచట తరతరములుగా స్థిరపడియున్నవి. సూరతు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున ప్రాథమిక పాఠశాలలను సైతము నడపుచున్నది. ఖాందేశపు మరాఠీలు, ఒడియా కార్మికులు, హిందీ మాటలాడువారు, గుజరాతీలు వీరికి ఇరుగుపొరుగువారు. ఇన్ని భాషలు ఒకే వీథిలో వినవచ్చు చోట క్రైస్తవుల ప్రవేశసంస్కారమునకు గల పేర్లను పోల్చి చూచినచో ఒక విశేషము కానవచ్చును. గుజరాతీ మరాఠీలలో బాప్తిస్మా, హిందీలో బపతిస్మా, ఒడియాలో బాప్తిస్మ, తెలుగున బాప్తిస్మము. తక్కిన మాటలలో ఒకరి నొకరు తడవుకొను పొరుగువారికి ఈ గ్రీకు మాట యొక్కటి మాత్రము ఉమ్మడియై యున్నది. అయినను ఆ మాట విన్న అన్యునకు అందులో నీరున్నదని తోచుట కవకాశము లేదు.

నీటితో జరుగు ఈ సంస్కారము లేనిదే మనుష్యునకు రక్షణ కలుగదా? కలుగునేని సంస్కారమెందులకు? ఈ ప్రశ్న క్రైస్తవ మతమంత ప్రాచీనమైనది. తెలుగుదేశమున దీనికి శాస్త్రచర్చలోనే గాక కరవు కాలమునను, కులవ్యవస్థలోను, న్యాయస్థానమునను ఉత్తరములు వెదకవలసి వచ్చినది. మొదట పదములను పరిశీలింపవలసియున్నది. ఏలయన ఈ విషయమున తెలుగు క్రైస్తవులు తమ సిద్ధాంతభేదములను క్రియాపదములలోనే దాచియుంచిరి.

గ్రీకున బాప్తిజైన్ అనగా ముంచుట. దానికి మూలమైన బాప్తైన్ అను ధాతువు బట్టను రంగులో ముంచి అద్దుటకును వాడబడినది. అద్దకపు మిల్లులకు పేరువడిన సూరతున ఈ అర్థమును వివరించుటకు వేరు దృష్టాంతము వెదకనక్కఱలేదు. కాని తెలుగు బైబిలు అనువాదకులు ముంచుట యను అర్థము నీయక గ్రీకు మాటనే తెచ్చి ముకారమును చేర్చి బాప్తిస్మమనిరి. ఇది అసమర్థతవలన జరిగినది కాదు. ఆ పదమునకు ముంచుట యనియే అర్థమా, చిలుకరించుటయు చెల్లునా యను వివాదము పాశ్చాత్య సంఘములలో తీవ్రముగా నుండెను. బంగాళమున బాప్తిస్టు అనువాదకులు ఆ పదమును ముంపు నకు సమానమైన దేశిపదముతో అనువదింపగా బ్రిటిషు అండ్ ఫారిన్ బైబిలు సొసైటీ ఆ ముద్రణమునకు ధనమిచ్చుటకు అంగీకరింపలేదు. తత్ఫలితముగా 1840 లో ఇంగ్లండున బాప్తిస్టులు బైబిలు ట్రాన్స్‌లేషన్ సొసైటీ యను వేరు సంస్థను స్థాపించుకొనిరి. ఒక్క క్రియాపదముకొరకు ఒక సంస్థ పుట్టినదన్నమాట. అన్ని సంఘములవారును చదువదగిన బైబిలు కావలెనన్నచో ఎవరికిని అర్థము కాని మాట యుండుటయే మేలని నిర్ణయమైనది.

కతోలికులది వేరు మార్గము. వారు తమిళదేశము నుండి వచ్చిన జ్ఞానస్నానమను సమాసమును తెలుగున నిలిపిరి. తమిళమున ఈ మాటను ప్రొటెస్టంటులు సైతము స్వీకరించిరి. తెలుగున అట్లు జరుగలేదు. కన్నడ బైబిలున దీక్షాస్నానమనుట కలదు. మలయాళమున స్నానమనియు, సిరియా సంప్రదాయమువారిలో మామోదీస యనియు వాడుదురు. వీనిలో దీక్షాస్నానమే అర్థమునకు దగ్గరగా నున్నదని చెప్పవచ్చును. ధర్మశాస్త్రములలో మాంత్రము, భౌమము, ఆగ్నేయము, వాయవ్యము, దివ్యము, వారుణము, మానసము అని స్నానములు ఏడు విధములుగా చెప్పబడినవి. వానిలో నీటితో చేయు మామూలు స్నానము వారుణము. ధ్యానముచే జరుగునది మానసము. ఈ విభాగ మెరిగిన తెలుగువాని చెవికి జ్ఞానస్నానము మానసమునకు పర్యాయముగా తోచుట సహజము. కతోలిక సిద్ధాంతమున నీరు అనివార్యమగు ద్రవ్యము. ఐనను వారి పదమే నీటిని వెనుకకు నెట్టినది. బాప్తిస్మ మను పదము నీటిని పూర్తిగా మరుగుపరచినది.

నామపదము దాచినదానిని క్రియలు వెల్లడించును. తెలుగు బైబిలున బాప్తిస్మము పొందు, బాప్తిస్మమిచ్చు అను ప్రయోగములు కలవు. రక్షణ పొందు, మారుమనస్సు పొందు, క్షమాపణ పొందు అను వానియందలి క్రియయే ఇచటను నిలిచినది. మనుష్యుడు గ్రహీత, దాత వేరొకడు. వ్యవహారమున నేడు బాప్తిస్మము తీసికొను అనుట ప్రబలినది. ఇందు గ్రహీత తన యిచ్ఛచే ముందుకు వచ్చుచున్నాడు. వయస్సు వచ్చి విశ్వసించినవానికే సంస్కారము చెల్లునను బాప్తిస్టులకును పెంతెకొస్తు వారికిని ఈ క్రియ యనుకూలము. శిశువుల విషయమున దీనిని వాడరు. పిల్లకు బాప్తిస్మ మిప్పించితిమి అని ప్రేరణార్థకమును వాడుదురు. పొందుట, తీసికొనుట, ఇప్పించుట: ఈ మూడింటిలో దేనిని ఒక కుటుంబము వాడునో దానినిబట్టి ఆ కుటుంబము ఏ సంఘమునుండి వచ్చినదో చాలవరకు ఊహింపవచ్చును.

రక్షణ యను మాటయు గమనింపదగినది. అనువాదకులకు మోక్షము, ముక్తి అను పదములు సిద్ధముగా నుండెను. అవి జన్మపరంపర నుండి విడుదలను బోధించును గాన వానిని ప్రధానముగా గ్రహింపక రక్షణను ఎన్నుకొనిరి. రక్షణమునకు రక్షించువాడొకడు కావలెను. జ్ఞానముచేతనో కర్మచేతనో తనకు తాను సాధించుకొనునది కాదు. ఈ ఎన్నిక జరిగిన వెంటనే బాప్తిస్మ విషయమున చిక్కు బయలుదేరును. రక్షణ కేవలము దైవదత్తమైనచో ఒక మనుష్యుడు మరియొకని నీటిలో ముంచుట దానికి కారణమెట్లగును?

మూలగ్రంథమున ఇరువాదములకును ఆధారములు కలవు. యోహాను సువార్త మూడవ అధ్యాయమున నీటిమూలముగను ఆత్మమూలముగను జన్మింపవలెనని క్రీస్తు నీకొదేముతో చెప్పుట, అపొస్తలుల కార్యములు రెండవ అధ్యాయమున పేతురు పాపక్షమాపణమునకై బాప్తిస్మము పొందుడని బోధించుట నీటిని రక్షణతో ముడివేయుచున్నవి. సిలువపై నున్న దొంగకు బాప్తిస్మము లేకయే పరదైసు వాగ్దానము లభించుట, కొర్నేలి యింటివారిపై నీటికి ముందే ఆత్మ దిగుట, పౌలు కొరింథీయులకు వ్రాయుచు తాను పంపబడినది బాప్తిస్మ మిచ్చుటకు కాదు, సువార్త ప్రకటించుటకే యనుట రెండవ పక్షమునకు బలము. మార్కు సువార్త తుది భాగమున నమ్మికయు బాప్తిస్మమును కలిపి రక్షణ చెప్పబడినది. శిక్షకు మాత్రము నమ్మకపోవుటయే కారణముగా చెప్పబడినది. ఆ తుది వచనములు సైనాయ, వాతికాను ప్రాచీన వ్రాతప్రతులలో లేవని పాఠపరిష్కర్తలు చూపిరి. కావున కేవలము వచనములను లెక్కించుటవలన ఈ వివాదము తీరునది కాదు. ఆచారమున ఒకసారి పరీక్షకు వచ్చిన ఘట్టమును చూచుట మేలు. అట్టిది తెలుగుదేశముననే కలదు.

ఒంగోలున అమెరికను బాప్తిస్టు మిషనరీగా జాన్ ఎవరెట్ క్లౌ 1866 నుండి పనిచేసెను. ఆ సంవత్సరముననే తాళ్లకొండపాడునకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య యను మాదిగ పెద్ద బాప్తిస్మము పొందెను. అతడు అంతకుముందే రాజయోగ సంప్రదాయమున గురూపదేశము పొందిన సాధకుడు. దీక్ష యనగా నేమో, గురువు చేతిమీదుగా ఒకటి స్వీకరించుట యనగా నేమో ఎరిగినవాడు నీటిలోనికి దిగుట వేరు, ఎరుగనివాడు దిగుట వేరు. పేరయ్య వెంట ఆ ప్రాంతపు మాదిగపల్లెలు క్రమముగా కదలినవి.

1876 నుండి 1878 వరకు చెన్నరాజధానిని దారుణమైన కరవు పీడించెను. క్లౌ పూర్వము అమెరికాలో భూముల సర్వే పని చేసినవాడు. బకింగ్‌హాము కాలువలో మూడు మైళ్లకు పైబడిన భాగమును త్రవ్వించు కంట్రాక్టును గ్రహించి, వేలకొలది జనులకు కూలి కల్పించెను. పని విరామమున బోధకులు ఉపదేశించిరి. విన్నవారు బాప్తిస్మ మడిగిరి. అతడీయలేదు. సహాయము సాగుచున్నంతకాలము, ఏడాదికి పైగా, సంస్కారమును నిలిపివేసెను. అన్నముకొరకు వచ్చినవాడెవడో, విశ్వాసముతో వచ్చినవాడెవడో తెలియదనుట అతని సంశయము.

ఈ నిరాకరణము విచారింపదగినది. కరవుతో పాటు కలరాయు ప్రబలిన ఆ నెలలలో ఎవరి ప్రాణమునకును స్థిరత్వము లేదు. నేడు అడిగినవాడు రేపటికి ఉండునను నమ్మకము లేదు. నీరే రక్షణకు కారణమని నమ్మిన గురువు అట్టి సమయమున సంస్కారమును ఆపుట ఘోరమగును. కతోలిక పూజారి యట్లు ఆపడు, ఆపరాదు. ప్రాణాపాయమున ఎవ్వరైనను నీటితో, పితృపుత్రాత్మల నామమున జ్ఞానస్నాన మీయవచ్చునని ఆ సంఘము విధించినది. క్లౌ ఆపగలుగుటకు హేతువు అతని సిద్ధాంతమే. బాప్తిస్టుల మతమున రక్షణ విశ్వాసముచే కలిగియుండును, నీరు దానికి సాక్ష్యమును ఆజ్ఞాపాలనమును మాత్రమే. చేయక చనిపోయిన విశ్వాసికి నష్టము లేదు. అతడు సాక్ష్యము అసత్యమగునేమోనని భయపడెను గాని, ఆత్మలు నశించునని భయపడలేదు.

ఐనచో ఆ సాక్ష్యమును శాశ్వతముగా ఆపవచ్చును గదా? ఆపలేకపోయెను. 1878 జూనులో సహాయద్రవ్యము ముగిసినదని ప్రకటించినను జనులు చెదరక, ధనము వలదు, బాప్తిస్మమే కావలెనని నిలిచిరి. ఒంగోలునకు ఉత్తరముగా పెద్దబాట గుండ్లకమ్మను దాటుచోట వెల్లంపల్లి వద్ద వారు కూడిరి. జూలై 2 న 614 మంది, 3 న 2,222 మంది, 4 న 700 మంది బాప్తిస్మము పొందిరి. అభిషిక్తులైన తెలుగు బోధకులు ఆరుగురు, ఒక్కసారి ఇద్దరు చొప్పున నీటిలో నిలిచి, అలసినప్పుడు మారుచు, మధ్యాహ్నమున విరామముతో ఉదయమునుండి ప్రొద్దుగుంకువరకు దీనిని నిర్వహించిరి. ముంచినవారందరును తెలుగువారే, క్లౌ గట్టుననే యుండి పర్యవేక్షించెను. సెప్టెంబరు మధ్యనాటికి మొత్తము 9,606 అయినది. పెంతెకొస్తు దినమున మూడువేలమందిని ముంచుట అసాధ్యము గాన చిలుకరించియే యుందురని వాదించువారికి తదాది బాప్తిస్టులు గుండ్లకమ్మను ఉదాహరించుచు వచ్చిరి. తెలుగుదేశపు చిన్ననది అపొస్తలుల కాలపు వ్యాఖ్యానమునకు సాక్షిగా పిలువబడుట విచిత్రము.

రక్షణకు అనావశ్యకమని గురువు ఎంచిన దానికొరకు శిష్యులు వారములకొలది యేల నిరీక్షించిరి? మతసిద్ధాంతము మాత్రమే ఇందుకు ఉత్తర మీయజాలదు. ఊరి చెరువునను, దేవాలయపు కోనేటను ప్రవేశము లేనివారికి, తాకినచో నీరు మైలపడునని వినుచు పెరిగినవారికి, నీరు మామూలు ద్రవ్యము కాదు. నది పవిత్రము చేయు నను మాట వారెరిగినదే. అది తమకు కాదని కూడ ఎరుగుదురు. వెల్లంపల్లి రేవున ఆ నీరు వారికొరకు ప్రత్యేకింపబడినది. మిషనరీ సాక్ష్యమని పలికినదానిని వారు గౌరవమని గ్రహించియుందురు. ఈ రెండర్థములలో ఒకటి నిజము, రెండవది భ్రాంతి యని తేల్చుటకు పూనుకొనుట తొందరపాటు.

శిశువులకు సంస్కారము చేయు సంఘముల మార్గము వేరు. 1842 లో హెయెరు గుంటూరునకు వచ్చుటతో ఆరంభమైన లూథరను సంప్రదాయమున నీరు కేవల సాక్ష్యము కాదు. వాక్యముతో కూడిన నీరు క్షమాపణను నిజముగా తెచ్చును, విశ్వాసము దానిని గ్రహించును. ఏమియు చేయజాలని శిశువే కృపకు సరియైన పాత్రమని వారి యుక్తి. దోర్నకలు ఆంగ్లికనులును, మెదకు వెస్లియనులును 1947 లో దక్షిణ భారత సంఘమున కలిసిరి. వారును శిశువులకు బాప్తిస్మమిచ్చి, యుక్తవయస్సున దృఢీకరణము జరుపుదురు. పాలమూరు ప్రాంతపు మెన్నొనైటు బ్రదరెను వారు ముంచువారు. కతోలికులు జ్ఞానస్నానమును రక్షణకు ఆవశ్యకమందురు. ఐనను దానిని కోరి పొందకముందే మరణించినవానికి ఆ కోరికయే స్నానముగా చెల్లునందురు. దేవుడు రక్షణను సంస్కారమునకు కట్టెను గాని తాను దానికి కట్టువడలేదని 1992 నాటి వారి ధర్మోపదేశ గ్రంథమున చెప్పబడినది. 2007 లో వారి వేదాంతుల సమితి స్నానము లేక మరణించిన శిశువుల రక్షణను ఆశించుటకు హేతువులు కలవని ప్రకటించెను. కఠినతమమని తోచు పక్షమునకును ఒక ద్వారము తెరచియే యున్నదన్నమాట.

ఈ సంప్రదాయములలో దేనినుండి యైనను ఒక తెలుగు కుటుంబము లింబాయతునకు వచ్చినదనుకొనుడు. సూరతున ప్రొటెస్టంటు బోధ 1815 లో లండను మిషనువారితో ఆరంభమైనది. స్కిన్నరు, ఫైవీ యనువారు గుజరాతీ కొత్త నిబంధనను సిద్ధము చేసిరి. 1846 లో ఆ కేంద్రము ఐర్లండు ప్రెస్బిటీరియనుల చేతికి వచ్చెను. వారు శిశువులపై నీరు చిలుకరించువారు. దక్షిణముగా బుల్సారున, నేటి వల్సాడున, 1895 నుండి పనిచేసిన బ్రదరెను సంఘమువారు మోకాళ్లపై నిలిపి ముందునకు మూడుసారులు ముంచువారు. ఈ రెండు సంప్రదాయములును 1970 నవంబరు 29 న ఉత్తర భారత సంఘమున ఐక్యమైనవి. ఆ సంఘము శిశుబాప్తిస్మమును, విశ్వాసబాప్తిస్మమును సమానప్రత్యామ్నాయములుగా అంగీకరించినది. చిక్కంతయు శైశవమున పొందినవాడు పెరిగి మరల ముంచుమని అడుగునప్పుడు వచ్చును. ఇచ్చినచో మొదటిది చెల్లలేదని ఒప్పుకొనుట. ఈయకున్నచో అతని మనస్సాక్షిని త్రోసిపుచ్చుట. బాప్తిస్మము పునరుక్తము కారాదని 1982 నాటి లీమా పత్రము చెప్పినను వలసపేటలలో ఈ ప్రశ్న సమసిపోలేదు.

నీటి విషయమున మరియొక మాట. లింబాయతు గుండ పోవు మీఠీ ఖాడి పేరునకు తీయనిదే గాని, వానకాలమున ముంచెత్తు మురికివాగు. అందు ఎవరిని ముంచుటకును వీలు లేదు. ఇట్టి ఇబ్బందికి చాల ప్రాచీనమైన పరిష్కారము కలదు. 1873 లో బయల్పడి 1883 లో అచ్చైన దిదకే యను ఆదికాలపు గ్రీకు గ్రంథమున పారునీటిలో ఇయ్యవలెననియు, లేనిచో వేరు నీటిలో, చన్నీరు కుదరనిచో వేడినీటిలో, ఏదియు చాలనిచో తలపై మూడుసారులు పోసినను చాలుననియు విధి కలదు. ముంపును శ్రేష్ఠముగా నుంచియే పోతను అంగీకరించిన ఆ క్రమము నేటి వాదప్రతివాదములకంటె విశాలమైనది.

సంస్కారమునే వలదన్నవారును కలరు. ఆంధ్రదేశమున మునిపల్లెకు చెందిన కలగర సుబ్బారావు (1912–1981) 1942 లో క్రీస్తు దర్శనము పొందెనని చెప్పుకొని, ఆయనకు భక్తుడై, స్వస్థతకై వచ్చు జనులకు ఆయన నామమున ప్రార్థించుచు, బాప్తిస్మమును నిరర్థక క్రియాకాండయని తీవ్రముగా ఖండించెను. ఆయన చుట్టు ఏర్పడిన ఉద్యమమును గూర్చి కాయ్ బాగో 1968 లో గ్రంథము వ్రాసెను. గుజరాతున రాజకోటలో జైనకుటుంబమున పుట్టిన మణిలాలు పారేఖు (1885–1967) మార్గము ఇంతకంటె సూక్ష్మమైనది. అతడు 1918 లో బొంబాయిలో బాప్తిస్మము పొందెను; సంస్కారమును నిరాకరింపలేదు. కాని అది శిష్యత్వమునకు చిహ్నముగా నుండక వేరొక జనసముదాయమున చేరికగా మారుటను నిరసించి, తాను క్రీస్తునకు శిష్యుడైన హిందువునని ప్రకటించుకొనెను. సుబ్బారావు నీటిని కాదనెను. పారేఖు నీటిని ఔనని దాని వెంటవచ్చు జాబితాను కాదనెను. పారేఖు వాదమే బలమైనదని తోచును. అది వచనమును త్రోసివేయక, దురుపయోగమునే త్రోసివేసినది.

ఆ జాబితాకు నేడు రాజ్యమును సాక్షిగా నున్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులముల హక్కులు మొదట హిందువులకే పరిమితము. 1956 లో సిక్కులకు, 1990 లో బౌద్ధులకు విస్తరింపబడినవి, క్రైస్తవులకు లేదు. ఆంధ్రప్రదేశమున క్రైస్తవులైన షెడ్యూల్డు కులములవారు వెనుకబడిన తరగతులలో సి వర్గమున చేర్చబడిరి. గుజరాతున 2003 నాటి మతస్వాతంత్ర్య చట్టము ననుసరించి, ఒకనిని మతాంతరునిగా చేయు సంస్కారమును నెరపువాడు జిల్లా మేజిస్ట్రేటు అనుమతిని ముందుగా పొందవలెను. చట్టమునకు విశ్వాసము కనబడదు. నీరు కనబడును, రిజిస్టరు కనబడును. 2024 నవంబరు 26 న పుదుచ్చేరికి చెందిన ఒక వ్యవహారమున సుప్రీముకోర్టు, శైశవమున పొందిన బాప్తిస్మమును తరువాతి చర్చి ఆచరణమును పరిగణించి, ఉద్యోగముకొరకు హిందువునని చెప్పుకొన్న స్త్రీ వాదమును త్రోసిపుచ్చినది. ఆ శిశువునకు బాప్తిస్మము ఇప్పించినవారు వేరు, దాని ఫలమనుభవించినది వేరు. సూరతునకు పనికై వచ్చిన మాదిగ క్రైస్తవుడు మరల ముంపు కోరునపుడు ఏ పాదరి యైనను అతని ఆత్మను గూర్చియే గాక, అతని పిల్లల ధ్రువపత్రములను గూర్చియు ప్రశ్నింపవలసిన స్థితి యిందుచేతనే కలిగినది.